టబ్బీ అనే పెద్ద బూర

నా వయసువాళ్ళని చిన్నప్పుడు చూసిన బొమ్మల సినిమా ఏదని అడిగితే దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చినవాటిలో ఏదో ఒకటి చెబుతారు. నేను మాత్రం 'టబ్బీ ద టూబా' అంటాను. వినేవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించి, మర్యాదగా మాట మారుస్తారు. వాళ్ళననడానికేం లేదు. 1975లో అమెరికాలో వచ్చిన ఆ సినిమాని అక్కడివాళ్ళే చాలామంది మర్చిపోయారు. 81 నిమిషాల సినిమా. హీరో మనిషి కాదు, జంతువు కాదు, టూబా. ఆర్కెస్ట్రాలో బాగా వెనక కూర్చుని 'ఉంపా ఉంపా' అంటూ కింది స్వరాలు పలికే ఇత్తడి బూర. దానికి కళ్ళూ నోరూ పెట్టి, బోలెడంత దిగులు కూడా పెట్టి తీసిన సినిమా అది.

క్యాసెట్ తెచ్చింది మా పెద్ద మామయ్య. న్యూజెర్సీలో ఇంజనీరు. ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం తెనాలి వచ్చినప్పుడు సూట్‌కేసులో చాక్లెట్లు, సెంటు సీసాలు, బాల్‌పెన్నుల మధ్య ఇది కూడా ఉంది. వాళ్ళబ్బాయి చూసి చూసి వదిలేసిందట. "వీడికి ఇక అక్కర్లేదు, నువ్వు చూసుకో" అని నా చేతిలో పెట్టాడు. చూసుకోవడానికి మాకు వీసీఆర్ లేదని ఆయనకు గుర్తులేదు.

ఆ రోజుల్లో వీసీఆర్ అంటే అద్దెకు తెచ్చుకోవడమే. కలర్ టీవీ, వీసీఆర్, మూడు సినిమాలు, అన్నీ కలిపి రాత్రికి ఇంత అని మాట్లాడుకునేవాళ్ళు. సామానంతా రిక్షాలో వచ్చేది. దాంతోపాటు వీడియో కుర్రాడూ వచ్చేవాడు. వైర్లు కలిపి, బొమ్మ పడేదాకా ఉండి, మళ్ళీ తెల్లారాక వచ్చి పట్టుకుపోయేవాడు. మావయ్య ఉండగానే ఒక శనివారం రాత్రి బాబాయ్ ఆ ఏర్పాటు చేశాడు. రెండు తెలుగు సినిమాలు పెద్దవాళ్ళవి. ఆ రెంటికీ మధ్య, సగంమంది కాఫీలకు లేచే సమయంలో, నా బూరకు చోటిచ్చారు.

క్యాసెట్ పెట్టగానే బొమ్మ కిందనుంచి పైకి పాకడం మొదలుపెట్టింది. రంగు లేదు. టీవీ వెనకున్న మరను బాబాయ్ తిప్పితే కాసేపు నిలబడేది, వదిలెయ్యగానే మళ్ళీ పాకేది. కుర్రాడు తేల్చి చెప్పేశాడు: "ఇది అమెరికా క్యాసెట్టండీ. సిస్టమ్ వేరు. మిషన్ దుబాయ్‌ది కాబట్టి తిరుగుతోంది గానీ, టీవీకి అర్థం కాదు." వాడు చెప్పింది అక్షరాలా నిజం. అక్కడి ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో తెర మీద బొమ్మకు 525 గీతలు, సెకనుకు 30 బొమ్మలు. మన పాల్ పద్ధతిలో 625 గీతలు, 25 బొమ్మలు. రంగు సమాచారం పంపే తీరూ వేరే. మన టీవీకి ఆ సంకేతంలో వెలుగూ నీడా మాత్రమే దొరికేవి, రంగు ఎక్కడుందో అంతుపట్టేది కాదు. ఇంజనీరు మామయ్య ఇదంతా విని, తనకు ముందే తెలుసన్నట్టు తల ఊపాడు.

అలా, రంగుల సినిమాని తెలుపు నలుపుల్లో, అదీ బాబాయ్ చెయ్యి మర మీద ఉన్నంతసేపే చూశాను. బాబాయ్ సిగరెట్టుకు బయటికి వెళ్తే టబ్బీ తలకాయ తెర కింద, కాళ్ళు తెర పైన ఉండేవి.

ఇంకో విషయం అప్పుడు తెలియలేదు. నాకు టబ్బీ గొంతు కూడా సరిగ్గా వినపడలేదు. టూబా కింది స్వరాలు సెకనుకు యాభై అరవై కంపనాల దగ్గర ఉంటాయి. ఆ టీవీలో ఉన్న అరచేతంత స్పీకరు అంత కిందికి దిగలేదు. పై పౌనఃపున్యాలు మాత్రం వినిపిస్తాయి, వాటిని పట్టుకుని కిందున్న అసలు స్వరాన్ని మన మెదడే ఊహించుకుంటుంది. మొత్తానికి రంగుల సినిమాలో రంగు లేదు, కింది స్వరాల కథలో కింది స్వరం లేదు. అయినా నాకు ఏదీ తక్కువైనట్టు అనిపించలేదు.

కథ ఇంతే. ఆర్కెస్ట్రాలో అందరికీ పాట ఉంది. వయొలిన్లు తీయగా సాగుతాయి, పికొలో అనే బుల్లి ఫ్లూటు కిచకిచలాడుతుంది, ఫ్లూటు మెలికలు తిరుగుతుంది. టబ్బీకి మాత్రం 'ఉంపా ఉంపా'నే. నాకూ ఒక వరస ఇవ్వరా అని అడుగుతాడు. అందరూ నవ్వుతారు. అలిగి వెళ్ళిపోతాడు. నది ఒడ్డున ఒక కప్ప కలుస్తుంది. నా పాటా ఎవరూ వినరులే అని చెప్పి, తన దగ్గరున్న వరస వీడికి నేర్పుతుంది. తిరిగొచ్చి వాయిస్తాడు. మొదట గొడవ, తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాత ఒక్కొక్కరే ఆ వరస ఎత్తుకుంటారు. మధ్యలో సర్కస్ ఉంది, ఏనుగమ్మ ఉంది, అవసరమున్నా లేకపోయినా చాలా పాటలున్నాయి.

ఇంగ్లీషు నాకు అంతంతమాత్రం. నాయనమ్మకు అసలు రాదు. కానీ గదిలో సినిమా పూర్తిగా అర్థమైంది ఆవిడకే. తమలపాకులకు సున్నం రాసుకుంటూ, "ఏముందే, సన్నాయి మేళంలో శ్రుతి పట్టే కుర్రాడు వీడు. రాత్రంతా ఒక్క స్వరమే ఊదాలి. వాడికీ రాగం ఎత్తుకోవాలని ఉండదూ?" అంది. అంతకుముందు ఎన్నో పెళ్ళిళ్ళలో సన్నాయి విన్నాను. బుగ్గలు పొంగించే పెద్ద విద్వాంసుణ్ణి చూశాను, డోలు వాయించే ఆయన వేళ్ళ తొడుగులు చూశాను. పక్కనే నిలబడి శ్రుతి పట్టే మనిషిని చూసిన గుర్తే లేదు. ఆ మర్నాటి నుంచి ఏ పెళ్ళికి వెళ్ళినా నేను ముందు చూసేది ఆయన్నే. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో కనిపెట్టాలని నా పంతం. ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతాడని, అందుకే స్వరం తెగదని చాలా రోజులకు ఎవరో చెప్పారు.

ఈ టబ్బీ కథ సినిమా కోసం పుట్టింది కాదు. దాని వెనక అమెరికాలో ముప్ఫై ఏళ్ళ చరిత్ర ఉంది. పాల్ ట్రిప్ అనే నటుడు, రచయిత, జార్జ్ క్లైన్‌సింగర్ అనే సంగీతకర్త కలిసి పిల్లల కోసం సంగీత కథలు చేసేవాళ్ళు. ఒకసారి వాళ్ళ రచన వాయించిన తర్వాత టూబా వాద్యకారుడు దగ్గరికొచ్చి, టూబాలు కూడా పాడగలవు తెలుసా అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని ట్రిప్ కథ రాశాడు. యుద్ధం అడ్డొచ్చి 1945 దాకా రికార్డు కాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు. హాస్యనటుడు డానీ కే చెప్పిన రికార్డు అమెరికాలో ఇంటింటా తిరిగింది. 1947లో జార్జ్ పాల్ దాన్ని బొమ్మలాటలా పదినిమిషాల సినిమాగా తీసి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాడు. ఆ తొలి రికార్డును తర్వాత 2005లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన శబ్దాల జాబితాలో చేర్చింది. నాకు ఇందులో నచ్చేది ఆ వాద్యకారుడి సంగతి. వెనక వరసలోంచి లేచి, రాసినవాళ్ళ దగ్గరికి నడిచి వచ్చి, ఫిర్యాదులా కాకుండా ఓ సమాచారంలా చెప్పాడు చూడండి, అది.

మా చిన్నత్త పెళ్ళి ఆ మరుసటి ఏడాదే. మగపెళ్ళివారు రాత్రి ఊరేగింపుకి బ్యాండు పెట్టించారు. ఎర్రకోట్లు, భుజాల మీద జరీ కుచ్చులు, గ్యాసు లైట్లు నెత్తిన పెట్టుకుని నడిచే ఆడవాళ్ళు. ముందు క్లారినెట్ వాయించే ఆయన. ఆ రోజుల్లో ఏ పాట హిట్టో అది ఆయన చేతిలో ఉండేది, జనం ఆయన చుట్టూనే. నేను మాత్రం వెనకకు పోయాను. అక్కడ పొట్టకు ఆనించి పెద్ద బూర పట్టుకుని ఒక ముసలాయన నడుస్తున్నాడు. అది టూబా కంటే ఒక మెట్టు చిన్నది, యూఫోనియం అంటారని ఇప్పుడు తెలుసు. మన బ్యాండ్ల బూరలు చాలావరకు మీరట్‌లో తయారవుతాయనీ తెలుసు. అప్పటికి నాకది టబ్బీయే. సొట్టలు పడి, మాట్లు వేసి, ఒకచోట గుడ్డ చుట్టి ఉంది.

ఊరేగింపు బోసురోడ్డు మలుపు దగ్గర ఆగినప్పుడు ఆయన బూర దించి బీడీ ముట్టించాడు. నేను పక్కన చేరి, "తాతా, నువ్వు పాట వాయించవా?" అని అడిగేశాను.

"వాయిస్తున్నాగా పాపా."

"అది కాదు. క్లారినెట్ వాయించినట్టు. పాట."

ఆయన నవ్వాడు. "పాటలన్నీ వచ్చు నాకు. ఆడికంటే ముందు నేర్చుకున్నా. కానీ నేను పాట ఎత్తుకుంటే ఈళ్ళు నడవలేరమ్మా. అడుగు నేనేస్తా, పాట ఆడేస్తాడు."

నాకు ఆ జవాబు నచ్చలేదు. టబ్బీకి జరిగినట్టే ఈయనకీ జరగాలని, ఈయన పాట ఎత్తుకుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని చూడాలని నా ఆశ. వాయించమని పట్టుబట్టాను. పాపం, పిల్లదాని మాట కాదనలేక బీడీ చెవికి తగిలించుకుని నాలుగు ముక్కలు ఊదాడు. అడవిరాముడి కాలం నాటి పాట. మోటుగా, నెమ్మదిగా, ఎంతో బావుంది. మా బాబాయ్ తప్ప ఎవరూ తల తిప్పలేదు. తర్వాత క్లారినెట్ ఆయన సైగ చేయగానే బూర ఎత్తుకుని తన అడుగు తను వేసుకుంటూ వెళ్ళిపోయాడు. వరుడి కారు, వెనకాల మావాళ్ళు, అందరూ ఆ బూరకు తగ్గట్టే నడుస్తున్నారని అప్పుడు చూశాను. మా పెదనాన్న కూడా. ఆయనకు సంగీతమంటే పడదు.

ఆ తాత మాట, సినిమా మాట నాకు చాలా ఏళ్ళు పొసగలేదు. సినిమా ఏమో వెనకవాడికీ ఒక పాట ఇవ్వాలంటుంది. ఈయనేమో పాట తనకు అక్కర్లేదు, పాట నిలబడేది తన మీదే అంటాడు. ఎవరు రైటు? ఇంటర్‌లో ఉండగా అన్నయ్య వాక్‌మన్ కొన్నాడు. అప్పటిదాకా మాకు పాటంటే వంటింటి గూట్లో ఉండే ఒక్క స్పీకరు టేప్‌రికార్డరే. వాక్‌మన్ చెవులకు పెట్టుకుని బాగా అలవాటైన ఇళయరాజా పాటల క్యాసెట్ వేశాను. కింద ఎవరో నడుస్తున్నారు! ఇన్నేళ్ళూ ఆ పాటల కింద బేస్ గిటారు ఒకటి తన దారిన తను వెళ్తోందని, అది ఒట్టి దరువు కాదు, గాయని పాడే వరసకు ఎదురుగా ఇంకో వరస అని అప్పుడు తెలిసింది. చిత్రేం తక్కువ పాడలేదు. కానీ ఆ క్యాసెట్ మొత్తం నేను చిత్రని వినలేదు, కిందున్న మనిషినే విన్నాను. క్యాసెట్ అట్ట వెతికాను, ఆయన పేరు లేదు. సంగీతం, సాహిత్యం, గానం, అంతే. ఇప్పటికీ నాకు కొత్త పాట వినిపిస్తే చెవి ముందు కిందికే పోతుంది. దీనికి కారణం ఏదైనా సంగీత పాఠశాల అయితే చెప్పుకోవడానికి బావుండేది. సరిగ్గా వినపడని ఒక అమెరికా క్యాసెట్ అని చెబితే నవ్వుతారు.

తర్వాత నేను కంప్యూటర్ల చదువుకు వచ్చాను. హైదరాబాద్ హాస్టల్లో, కంప్యూటర్‌తో బొమ్మల సినిమాలు తీసే పిక్సార్ సంస్థ పుట్టుపూర్వోత్తరాల గురించి ఏదో చదువుతుంటే మధ్యలో టబ్బీ పేరు కనబడింది. మొదట వేరే టబ్బీ అనుకున్నాను. కాదు, మనవాడే.

ఆ సినిమా దర్శకుడు అలెగ్జాండర్ షూర్ సినిమా మనిషి కాదు. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే విద్యాసంస్థను స్థాపించినవాడు. రెండో డిస్నీ కావాలని ఆయన కోరిక. లాంగ్ ఐలండ్‌లోని క్యాంపస్‌లో చేత్తో బొమ్మలు గీసేవాళ్ళను పెట్టుకుని టబ్బీ మొదలుపెట్టాడు. ఒక్కో సెకను కదలికకు డజను నుంచి రెండు డజన్ల బొమ్మలు. గియ్యాలి, పారదర్శకమైన షీట్ల మీదికి ఎక్కించాలి, రంగు వెయ్యాలి, ఫొటో తియ్యాలి. ఈ చాకిరీ కంప్యూటరు చేస్తే ఎలా ఉంటుందని ఆయనకు ఆలోచన వచ్చింది. డబ్బుకు వెనకాడకుండా 1974లో అదే క్యాంపస్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబ్ పెట్టాడు. దానికి తెచ్చుకున్న కుర్రాడు ఎడ్ క్యాట్‌మల్. తర్వాత ఆల్వీ రే స్మిత్ వచ్చి చేరాడు.

టబ్బీ మాత్రం పాత పద్ధతిలోనే, చేత్తోనే పూర్తయింది. దాన్ని వేసి చూపించినప్పుడు ఆ కంప్యూటర్ కుర్రాళ్ళు కూడా వెళ్ళారు. సినిమా అయ్యాక దానికి పనిచేసిన యానిమేటర్ ఒకాయన, దేవుడా, నా జీవితంలో రెండేళ్ళు దీనికి తగలేశానే అన్నాడని వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. ఆ ల్యాబ్‌వాళ్ళకు అక్కడే ఒకటి అర్థమైంది. యంత్రాలు ఎన్ని కొన్నా, డబ్బు ఎంత పోసినా, కథ చెప్పడం తెలిసినవాడు లేకపోతే సినిమా రాదు. అలాంటివాళ్ళున్న చోటు వెతుక్కుంటూ 1979లో క్యాట్‌మల్ 'స్టార్ వార్స్' తీసిన జార్జ్ లూకాస్ కంపెనీకి వెళ్ళాడు, స్మిత్ తదితరులు వెనకే వెళ్ళారు. ఆ విభాగాన్నే 1986లో స్టీవ్ జాబ్స్ కొని పిక్సార్ చేశాడు. పూర్తిగా కంప్యూటర్ మీద తయారైన మొదటి పెద్ద సినిమా 'టాయ్ స్టోరీ' 1995లో అక్కడినుంచే వచ్చింది.

అంటే నా టబ్బీ సినిమా చరిత్రలో ఉన్నాడు. ఎలాంటి సినిమా తియ్యకూడదో చూపించినవాడిగా ఉన్నాడు! హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కాస్త కోపమూ వచ్చింది. ఎవరో మా చుట్టాన్ని నలుగుర్లో తీసిపారేసినట్టుంది. రెండేళ్ళు తగలేశానన్న ఆ యానిమేటర్‌కి తెనాలిలో ఒక పిల్ల, దొర్లిపోతున్న తెర ముందు మెడ వంచి వంచి చూసిందని ఎవరు చెబుతారు?

ఆయనకు మాత్రం అన్యాయం చెయ్యను. కొన్నేళ్ళ క్రితం సినిమా ఇంటర్నెట్‌లో దొరికింది. రంగుల్లో, మంచి హెడ్‌ఫోన్లతో, మొదటినుంచి చివరిదాకా చూశాను. ఆయన అన్నది నిజమే. పదినిమిషాల్లో ముగిసే కథని 81 నిమిషాలకు సాగదీశారు. సర్కస్ ఎంతకీ అవ్వదు. పాత్రలు నడుస్తుంటే నేల మీద కాళ్ళు ఆనవు. డిక్ వాన్ డైక్ టబ్బీకి గొంతిచ్చాడు, ఏనుగమ్మకు పెర్ల్ బెయిలీ, ఇద్దరూ గొప్పవాళ్ళే, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? నా ఊహలో బూడిద రంగులో, తప్పిపోయిన దూడంత దిగులుగా ఉన్న టబ్బీ తెర మీద పచ్చగా మెరుస్తుంటే ఎవరో అనిపించాడు. కప్ప సీను వచ్చేసరికి మాత్రం నిఠారుగా కూర్చున్నాను. ఆ వరస అదే. ఈసారి అడుగు దాకా వినిపించింది.

జార్జ్ పాల్ తీసిన పాత పదినిమిషాల సినిమా కూడా చూశాను. నిజానికి మీరు చూడాల్సింది అది. ఆయన బొమ్మ ఒక్కటే పెట్టి కదపడు. ప్రతి కదలికకు చెక్కతో ఇంకో తల, ఇంకో కాలు చెక్కించి, ఫొటో ఫొటోకీ మారుస్తాడు. ఒక చిన్న సినిమాకు వేల ముక్కలు. టబ్బీ నిట్టూర్చితే ఇత్తడి నిజంగా కుంగినట్టుంటుంది. పిల్లలకు ఇప్పుడు చూపించమంటే ఇదే చూపిస్తాను. నాకు కావాలంటే మాత్రం ఆ 81 నిమిషాలదే, అదీ ముక్కలుగా.

క్రితం ఏడాది ఆఫీసు పని మీద అమెరికా వెళ్ళి మామయ్య వాళ్ళింట్లో దిగాను. ఆయన రిటైరయ్యాడు. ఓ సాయంత్రం న్యూయార్క్‌లో కచేరీకి తీసుకెళ్ళాడు. చెక్ సంగీతకర్త డ్వోర్జాక్ 'న్యూ వరల్డ్' సింఫనీ. 1893లో మొదటిసారి వాయించింది కూడా ఆ నగరంలోనే. టికెట్లు కొన్నాక నేను చదువుకున్నదేమిటంటే, ముప్పావు గంట దాకా సాగే ఆ సింఫనీలో టూబా ఉండేది రెండో భాగంలో మాత్రమే, అదీ వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ స్వరాలు. ఇక నాకు కచేరీలో ఇంకేం కనిపిస్తుంది? వెనక వరస చివర్లో టూబాయన బూర ఒళ్ళో పెట్టుకుని మొదటి భాగమంతా కూర్చున్నాడు. రెండో భాగం మొదట్లో ఇత్తడి వాద్యాలు కలిసి నెమ్మదిగా ఎత్తుకునే చోట బూర ఎత్తి, నాలుగు ఊపిర్లు ఊది, దించాడు. పైన వచ్చే ఇంగ్లిష్ హార్న్ అనే చెక్క వాద్యం పాట అందరికీ తెలుసు, దానికే జనం వస్తారు. అది మొదలవకముందే నేల సిద్ధం చేసి వెళ్ళిపోయాడాయన. అదే భాగంలో ఇంకోసారి అదే పని. మిగతా రెండు భాగాలూ చేతులు కట్టుకుని విన్నాడు.

బయటికి వస్తూ మామయ్యకు చెప్పాను. ఆయన ఆగిపోయాడు. "ఆ కాసిని స్వరాలకా సూటేసుకుని వచ్చింది? జీతం అందరితో సమానమేనా?"

"సమానమేనట."

"మరి మేం తప్పు కోర్సు చదివాం" అన్నాడు.

టబ్బీ క్యాసెట్ అరగదీసిన వాళ్ళబ్బాయి, అంటే మా బావ, పక్క ఊళ్ళోనే ఉంటాడు. అతనికి ఆ సినిమా ఒక్క సీను గుర్తులేదు. "ఏనుగు ఉంటుందా అందులో?" అన్నాడు. కానీ వాళ్ళ రెండోవాడు మిడిల్ స్కూల్ బ్యాండులో టూబా తీసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, వాడంతట వాడే. అక్కడ మనవాళ్ళ పిల్లలు వయొలినో ఫ్లూటో క్లారినెట్టో పడతారు. టూబా కొనాలంటే వేల డాలర్లు, కాబట్టి స్కూలే ఇచ్చింది. అక్కకు, అంటే బావ వాళ్ళావిడకు, అదే టెన్షన్. "వయొలిన్ అయితే రేపు కర్ణాటక సంగీతానికైనా పనికొచ్చేది. దీన్నేం చేసుకుంటాడు చెప్పు? పెళ్ళిళ్ళకు వెళ్తాడా?"

నేను కిందికి బేస్‌మెంట్‌లోకి వెళ్ళాను. కుర్చీ అంచున కూర్చుని, తన కంటే వెడల్పుగా ఉన్న బూరని రెండు చేతులతో కావిలించుకుని సాధన చేస్తున్నాడు. ఎందుకు తీసుకున్నావురా ఇది అని అడిగితే, బాగా ఆలోచించుకున్న జవాబు చెప్పాడు. "ఫ్లూట్ వాళ్ళు బోలెడుమంది పిన్నీ. ఒకళ్ళు రాకపోయినా ఎవరికీ తెలీదు. టూబా నేనొక్కణ్ణే. నేను రాకపోతే సార్ మొదలెట్టడు."

స్కూలు కచేరీకి నేర్చుకుంటున్నది వాయించమన్నాను. వాయించాడు. ఉంపా, ఉంపా, రెండు తాళం దెబ్బలు ఖాళీ, మళ్ళీ ఉంపా. లెక్క తప్పకుండా పెదాలతో అంకెలు అనుకుంటున్నాడు. ఇంతలో బావ మెట్లు దిగొచ్చి, తల గోక్కుని, "ఏ పాటరా అది?" అన్నాడు.

"పాట మిగతావాళ్ళు వాయిస్తారు నాన్నా" అని వాడు పేజీ తిప్పాడు.

ఊపిరి తేమ గొట్టాల్లో నీరుగా చేరుతుంది, మీట నొక్కి వదిలెయ్యాలి. కార్పెట్ పాడవకుండా వాడు కింద ఒక గిన్నె పెట్టుకున్నాడు. చూస్తే అది అక్క ఇడ్లీపిండి గిన్నె. బావా చూశాడు, నేనూ చూశాను. పైనుంచి అక్క, రేపటికి పిండి రుబ్బాలి, గిన్నె ఎవరైనా చూశారా అని కేకేస్తోంది.